మెయిన్ హ్యాండిల్ మీద పసుపు

“తాళం ఇలా ఇవ్వమ్మా,” అన్నాడు జగ్గయ్య మూడోసారి.

“ఇవ్వనండి మావయ్యగారూ,” అంది భవానీదేవి. అదీ మూడోసారే.

మొదటిసారి అడిగినప్పుడు ఆయన గొంతులో చనువుంది. రెండోసారి విసుగుంది. ఇప్పుడు రెండూ లేవు. కాఫీ గ్లాసు పట్టుకుని వరండా మెట్టు మీదికొచ్చిన బుల్లెమ్మకి మొగుడి గొంతు ముప్పై ఎనిమిదేళ్ళుగా ఎరుకే. గ్లాసు ఆయనకివ్వకుండా అక్కడే ఆగిపోయింది.

తాళంచెవి భవానీ బొడ్లో ఉంది. తలంటుకున్న జుట్టు ఇంకా ఆరలేదు. పొద్దున్నే స్నానం చేసి, పూజగదిలోంచి ఆ తాళంచెవి తీసుకుని, కొబ్బరిచెట్ల మధ్యనుంచి రొయ్యల ప్లాంటు దగ్గరికి వెళ్ళి మిషన్ రూము తలుపు తీసేసరికి ఏడున్నర. లోపల నీళ్ళు చల్లబరిచే చిల్లర్ మిషన్ ప్యానెల్ మీద ఒక్క లైటూ వెలగడం లేదు. గోడకున్న మెయిన్ స్విచ్ హ్యాండిల్ కిందికి దించేసి ఉంది.

హ్యాండిల్ కొసని గుడ్డతో పట్టుకుని పైకెత్తింది. గడియారం చూసి రిజిస్టర్లో టైము రాసింది. తలుపుకి మళ్ళీ తాళం పెట్టి ఇంటికొచ్చింది. అప్పట్నుంచీ ఈ గొడవ.

“కరెంటొచ్చింది. మిషనుంది. రొయ్యలు దారిలో ఉన్నాయి. ఇంకేం కావాలమ్మా నీకు?”

“పన్నెండు గంటలు కావాలండి.”

జగ్గయ్య నవ్వాడు. కోపమొచ్చినప్పుడు ఆయన నవ్వుతాడు. ఇంట్లో అందరికీ ఆ నవ్వంటే తిట్లకన్నా భయం.

“మావయ్యగారూ, మిషన్ కింద నూనె ఉంది కదండీ. అందులో చిన్న హీటరుంటుందండి. మనం మిషన్ ఆపినా అది ఆరకూడదు. ఆరిందంటే గ్యాసొచ్చి నూనెలో కలిసిపోద్ది. రెండ్రోజుల్నుంచీ ఆరిపోయే ఉంది. ఇలాగే స్టార్ట్ చేసేమంటే నూనంతా నురగైపోద్దండి. బేరింగులకి చుక్క అందదు, పట్టేస్తాయి. ఇంక ఆ మిషన్ మనకి లేనట్టే.”

“సుబ్బరాజున్నప్పుడు ఎన్నిసార్లు పోలేదమ్మా కరెంటు?”

“గంటో రెండు గంటలో పోయేదండి. జనరేటరుండేది. రెండ్రోజులు ఎప్పుడూ పోలేదండి.”

సుబ్బరాజు వేసవిలో పని మానేసి వెళ్ళిపోయిన పాత ఆపరేటరు. కొత్తవాణ్ణి వెతుకుతూండగా, పెళ్ళికి ముందు కాకినాడలో నాలుగేళ్ళు ఇలాంటి మిషన్ల దగ్గరే పనిచేసిన కోడలు నేను చూస్తానంది. మిషన్ పాతది, ఎవరో వాడేసి అమ్మితే కొన్నది. కొత్తవైతే నూనె వెచ్చబడకుండా ఎంత నొక్కినా కదలవు. ఇది నొక్కితే కదిలిపోతుంది, అదే దాంతో వచ్చిన చిక్కు. జగ్గయ్య ఆరోజు సరేనన్నాడేగానీ, ఆ సరేని వెనక్కి తీసుకునే అవకాశం కోసం ఎదురుచూస్తూనే ఉన్నాడు. ఈరోజు దొరికింది.

“అసలు మెయిన్ దించకూడదని నువ్వు చెప్పేవా, లేదా?”

“చెప్పేనండి.”

“ఎవరికి?”

భవానీ వరండా చివర పేపరు మడతపెడుతున్న భర్త వైపు చూసింది. జనార్దన్ పేపరు మళ్ళీ విప్పి, ఇంకోరకంగా మడతపెట్టాడు.

నవమినాడు ఆయుధపూజ. ఆ రోజు భవానీ ఇంటికి దూరంగా ఉంది, రెండోరోజు. మిషన్‌కి పసుపు కుంకాలు పెట్టే వేళ ఆ గడప తొక్కడానికి వీల్లేదంది బుల్లెమ్మ. తొక్కకపోతే మిషన్ ఎవరాపుతారని అడిగింది భవానీ. నా కొడుకు ఆపుతాడు, వాడికి రాదా అంది బుల్లెమ్మ. సుబ్బరాజు రాకముందు, రెండేళ్ళ కిందటిదాకా జనార్దనే దాన్ని నడిపిన మాట నిజం. ఒకరోజు ఆ ప్యానెల్లోనే మంట లేచి, కుడిచేతి రెండు వేళ్ళు పోయినప్పట్నుంచీ అతను ఆ గదిలో అడుగుపెట్టని మాటా నిజమే. రెండో మాట ఆ ఇంట్లో ఎవరూ పైకి అనరు.

అందుకని గుమ్మం బయట, చెట్టు కింద సిమెంటు పలక మీద నిలబడి భవానీ ఒక్కొక్కటే చెప్పింది.

“లోడు తగ్గించండి. ఇంకా తగ్గించండి. ఇప్పుడు స్టాప్ నొక్కండి. నీళ్ళ పంపు మాత్రం ఆపకండి, పావుగంట తిరగాలి. లేకపోతే గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టి పగిలిపోతాయండి.”

పావుగంట ఆ పంపు చప్పుడు వింటూ నిలబడింది. తర్వాత పంపు ఆపించింది, పైన టవర్ ఫ్యాను ఆపించింది. చివర్న, “మెయిన్ మాత్రం ముట్టుకోకండి,” అంది.

“ఆయ్,” అన్నాడు జనార్దన్ లోపల్నుంచి.

ఆ ‘ఆయ్’ ఇప్పుడు పేపరు మడతల్లో ఎక్కడో ఉండిపోయింది.

“మీరు చెప్పండి. నేను చెప్పేనా లేదా?” అంది భవానీ.

“చెప్పే ఉంటుందిలెండి నాన్నగారూ,” అన్నాడు జనార్దన్.

చెప్పిందండి అనలేదు. చెప్పే ఉంటుందిలెండి అన్నాడు. భవానీకి ఒళ్ళు మండింది. పరాయివాళ్ళ గురించి మాట్లాడినట్టు మాట్లాడేడే అనుకుంది.

“బయట్నుంచి అరిస్తే ఎవరికి ఏం వినపడిందో!” అంది బుల్లెమ్మ. కాఫీ గ్లాసు గట్టు మీద పెట్టేసింది. “పూజవేళ ఎవరో ఏదో దించి ఉంటారు. దానికింత రాద్ధాంతమా? ముందు రొయ్యల సంగతి చూడండి.”

రొయ్యల సంగతి చూడ్డానికన్నట్టే పెద్దిరాజు బండి వచ్చి ఆగింది. కాట్రేనికోన దగ్గర చెరువులు చేసే రైతు. నాలుగేళ్ళుగా పంట ఈ ప్లాంటుకే తోలుతున్నాడు. లుంగీ మోకాళ్ళదాకా బురద. రాత్రి నిద్రపోయిన మొహం కాదు.

“మచ్చలొచ్చేసేయండి జగ్గయ్యగారూ. తెల్లారుజామున వల తీస్తే పదింట్లో నాలుగింటికి తెల్లమచ్చ. ఇంక ఉంచితే చెరువంతా పోద్దని వలలేసి పట్టుబడి చేసేసేనండి. నాలుగు టన్నులు. ఇంకో గంటలో లారీ ఇక్కడుంటది. చల్లనీళ్ళు రెడీగా ఉన్నాయా అండీ?”

ముగ్గురి చూపులూ భవానీ వైపు తిరిగాయి.

“ఏటండీ అందరూ అలా చూస్తారు?”

“లేవు పెద్దిరాజుగారూ,” అంది భవానీ. “రాత్రి ఎనిమిదింటికి ఉంటాయి.”

పెద్దిరాజు ఆమెవైపు చూడలేదు. జగ్గయ్య వైపే చూశాడు. “ఈ ఏడు నాకు మిగిలింది ఈ రెండోకారు పంటొక్కటేనండి. మొదటిది మేలోనే పోయింది, మీకు తెల్సు. ఇది కూడా పోతే చెరువులు వదిలేసి చేపలవేటకి బోటెక్కడమేనండి. రెండు డిగ్రీల నీళ్ళలో కడగాలి కదా అండీ సరుకు, ఎనిమిదిదాకా ఏం చెయ్యమంటారు?”

“ఐసులో పెడదాం,” అంది భవానీ. “అమలాపురంలో ఫ్యాక్టరీకి ఫోన్ చేసేను. వాళ్ళూ నిన్నటిదాకా పూజలకి మూసేరంట, కానీ ముందటి దిమ్మలున్నాయంట. మన లారీ వెళ్ళి తెస్తుంది. దంచి పొరపొరకీ వేసుకుంటే రాత్రిదాకా సరుక్కేం కాదండి. నాది పూచీ.”

“ఐసు నిలబెడతదండి, కాదన్ను. ఎనిమిదికి మిషన్ లేవకపోతేనో? ఎవరండీ నాకు మాటిచ్చేది?”

జగ్గయ్య మళ్ళీ నవ్వాడు. “తాళం ఎవరి దగ్గరుందో వాళ్ళేనయ్యా.”

అప్పటికి కొంగు బొడ్లోకి దోపుకుంటున్న భవానీ చెయ్యి ఆగింది. ఆయన ఆ మాట తనకోసమే అన్నాడని ఆమెకి తెలుసు.

“నేనిస్తున్నానండి మాట,” అంది. “ఎనిమిదింటికి మిషన్ తిరుగుతుంది. తిరక్కపోతే ఈ తాళం మావయ్యగారి చేతిలో పెట్టేస్తాను. మళ్ళీ ఆ గదివైపు రాను.”

“అలాగేనమ్మా,” అన్నాడు జగ్గయ్య వెంటనే. “రేపొద్దున్నకి సుబ్బరాజుని రమ్మని కబురు పెడతాను.”

ఎనిమిది కాకముందే కబురు పెట్టేలా ఉన్నాడాయన.

* * *

లారీ ఐసు తెచ్చింది. టబ్బుల్లో రొయ్యలు, పైన ఐసు, మళ్ళీ రొయ్యలు, మళ్ళీ ఐసు. పన్నెండయ్యేసరికి షెడ్డంతా నీలం టబ్బులతో నిండిపోయింది. పెద్దిరాజు వాటి మధ్య ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు. పిలిచినా భోజనానికి రాలేదు.

భవానీ మిషన్ రూములోకి వెళుతూ జనార్దన్‌ని పిలిచింది. అతను గుమ్మం దగ్గర ఆగాడు.

“లోపలికి రండి.”

“ఇక్కడ్నుంచి వినపడుతుందిలే.”

“ఇది అక్కడ్నుంచి కనపడదండి.”

అతను వచ్చాడు. కుడిచేతిని జేబులో పెట్టుకునే వచ్చాడు.

మిషన్ ఒంటినిండా బొట్లున్నాయి. కంప్రెసర్‌కి ఐనవిల్లి గుడి కుంకం, ప్యానెల్‌కి పసుపు, ఎండిపోయిన బంతిపూల దండ. నూనె వేడి చూపించే ముల్లు ముప్పై నాలుగు మీద ఉంది. యాభై దాటాలి. భవానీ రిజిస్టర్లో అది రాసి, పెన్నుతో మెయిన్ హ్యాండిల్ మొదలు వైపు చూపించింది.

“చూడండి.”

హ్యాండిల్ పైభాగాన చిన్న అరచెయ్యి ముద్ర ఉంది, పసుపుది. అయిదు వేళ్ళూ స్పష్టంగా పడ్డాయి.

“అత్తయ్యగారిది,” అంది భవానీ. “దించిన చెయ్యి. ఇప్పుడు కిందవైపు చూడండి.”

జనార్దన్ చూడలేదు. చూడక్కర్లేదు అతనికి. కిందవైపు పసుపు మూడు వేళ్ళదే ఉంది, ఒకసారి కాదు, ఒకదాని మీద ఒకటి నాలుగైదుసార్లు.

“పొద్దున్న తలుపు తీసినప్పుడే చూసేను. అందుకే గుడ్డ పెట్టి కొస పట్టుకుని ఎత్తేను. ఎందుకు చెరపలేదో నాకే తెలీదు. అక్కడ అందరి ముందూ మీరు చెబుతారేమోనని చూసేను. పేపరు మడతపెట్టేరు.”

బయట పెద్దిరాజు ఎవరినో ఐసు ఇంకొంచెం వెయ్యమని కేకేస్తున్నాడు.

“అమ్మ పసుపునీళ్ళు కలిపి ఇచ్చింది,” అన్నాడు చివరికి. “తడిచేత్తో ప్యానెల్‌కి రాస్తున్నాను. అమ్మ ఒక్కసారిగా కెవ్వుమంది. నాన్నా, ముట్టుకోకు అని మెయిన్ దించేసింది. తర్వాత హారతి పళ్ళెం తేవడానికి ఇంట్లోకెళ్ళింది. అప్పుడు ఎత్తుదామని చూసేను.”

“ఎత్తలేకపోయేరు.”

“నాలుగుసార్లు చూసేను. మూడు వేళ్ళకి పట్టు చిక్కలేదు. ఎడంచేత్తో పట్టుకుందామంటే... చెయ్యి అక్కడిదాకా వెళ్ళలేదు భవానీ. ఈలోగా హారతి తెచ్చేరు, నాన్నగారొచ్చేరు. తర్వాత చేద్దాంలే అనుకున్నాను. తలుపుకి తాళం వేసేసేరు.”

భవానీకి జాలేసింది. ఆ జాలి ఎంతోసేపు నిలవలేదు. దాని వెనకే కోపమొచ్చి కూర్చుంది.

“నవమి రాత్రి అడిగేను మిమ్మల్ని. కిటికీలోంచి చూసేరా, ప్యానెల్ మీద హీటరు ఎర్రలైటు వెలుగుతోందా అని. వెలుగుతోందన్నారు. నిన్న మళ్ళీ అడిగేను. ఆయ్, వెలుగుతోందన్నారు.”

“అవును.”

“అప్పుడు చెప్పుంటే ఎవర్నో ఒకర్ని పిలిచి ఎత్తించేదాన్ని. ఒక్క నిమిషం పనండి. ఈపాటికి పెద్దిరాజుగారి సరుకు కడిగేసేవాళ్ళం.”

“తెలుసు.”

“నాతో అయినా చెప్పలేరా?”

“నీతోనే చెప్పలేను,” అన్నాడు జనార్దన్. “నేను చెయ్యలేనివన్నీ నువ్వు చేస్తున్నావు. ఒక్క పనైనా నేను చేసేనని అనుకుంటావని...”

మిగతాది మింగేశాడు.

“మావయ్యగారికి చెప్పండి,” అంది భవానీ.

“నాన్నగారి ముందు నా వల్ల కాదు.”

“నేను మాత్రం చెప్పను. అత్తయ్యగారి పేరూ చెప్పను. మీరే చెప్పాలి.”

జనార్దన్ చెయ్యి జేబులోంచి తియ్యకుండానే వెళ్ళిపోయాడు.

* * *

నాలుగున్నరకి ముల్లు నలభై మూడు మీదికొచ్చింది. భవానీ తాళం పెట్టి, ఐసు ఎంత కరిగిందో చూడ్డానికి షెడ్డులోకి వెళ్ళింది. టబ్బుల కింద నీళ్ళు కాలవ కడుతున్నాయి. పెద్దిరాజు ఒక రొయ్య తీసి తల దగ్గర నొక్కి చూసి, మళ్ళీ ఐసులో పెడుతున్నాడు.

“గట్టిగానే ఉందండి ఇంకా,” అన్నాడు. ఈసారి ఆమెవైపే చూసి అన్నాడు. “మూడున్నర గంటలు. ఆగుతదంటారా?”

“ఆగుతుందండి.”

అప్పుడు పంపు చప్పుడు మొదలైంది.

భవానీ చెయ్యి బొడ్లోకి పోయింది. తాళంచెవి అక్కడే ఉంది. రెండో తాళంచెవి ఒకటి ఇనప్పెట్టెలో ఉండేదని ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది, మావయ్యగారికీ ఇప్పుడే గుర్తొచ్చినట్టుంది. ముందు నీళ్ళ పంపు, తర్వాత టవర్ ఫ్యాను, ఆ తర్వాత కంప్రెసర్. స్టార్ట్ చేసే వరస అదే. ఫ్యాను కూడా తిరగడం మొదలెట్టింది.

ఆమె పరిగెత్తింది. తడినేల మీద జారి, టబ్బు పట్టుకుని నిలదొక్కుకుని మళ్ళీ పరిగెత్తింది.

మిషన్ రూములో జగ్గయ్య పచ్చబొత్తాం ముందు నిలబడ్డాడు. ఆయనకీ ప్యానెల్‌కీ మధ్య జనార్దన్ ఉన్నాడు. నవమినాడు తప్పితే, రెండేళ్ళలో ఆ ప్యానెల్‌కి అంత దగ్గరగా నిలబడడం ఇదే.

“అడ్డు తప్పుకోరా. చెయ్యిపెట్టి చూసేను, వెచ్చగానే ఉంది.”

“వెచ్చగా ఉంటే చాలదండి మావయ్యగారూ!” అంది భవానీ గుమ్మంలోంచి, రొప్పుతూ. “ఇంకా గ్యాసు విడిపోలేదు. నొక్కకండి.”

“ఐసు కరిగిపోతోంటే చూస్తూ కూర్చోమంటావా?”

“నాన్నగారూ, ఆగండి,” అన్నాడు జనార్దన్. “భవానీ ఎనిమిదంది.”

“మొన్న మెయిన్ సంగతి చెప్పడం మర్చిపోయిన మనిషి ఈరోజు ఎనిమిదంటే నమ్మమంటావా?”

“తను చెప్పిందండి. నాతోనే చెప్పింది.”

జగ్గయ్య కొడుకు మొహంలోకి చూశాడు. “చెబితే మరి ఎవరు దించేరు?”

జనార్దన్ పెదాలు కదిలాయి. కుడిచెయ్యి జేబులోంచి బయటికొచ్చింది. చెప్పు, ఒక్కమాట చెప్పేస్తే అయిపోతుంది, చెప్పు అని భవానీ మనసులో వందసార్లు అనుకుంది.

“నేను దించేను.”

అన్నది బుల్లెమ్మ. ఎప్పుడొచ్చిందో, భవానీ వెనక నిలబడి ఉంది.

“నేనే దించేను. తడిచేత్తో దాన్ని ముట్టుకుంటున్నాడు. మళ్ళీ ఇంకో వేలు పోతుందేమోనని దించేసేను. ఆరోజు ఆసుపత్రిలో ఆ చెయ్యి చూసిన దాన్ని నేను, మీరు కాదు. పొద్దున్న చెప్పడానికి నోరు రాలేదు. ఈ పిల్లని బయట నిలబెట్టింది నేను, మిషన్ పాడుచేసిందీ నేనే అని ఎలా చెప్పను?” ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. “వాడికేం తెలీదు. నేను దించింది వాడు చూళ్ళేదు.”

ఆఖరి మాట అబద్ధం. ఆ గదిలో ఆ సంగతి ముగ్గురికి తెలుసు.

భవానీ భర్త వైపు చూసింది. అతను నేల చూస్తున్నాడు. తెరిచిన నోరు మూసుకుంది. చెయ్యి మళ్ళీ జేబులోకి పోయింది.

జగ్గయ్య బొత్తాం దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు. కోడలి మీద పొద్దుట్నుంచీ తోచిన మాటలన్నీ ఇప్పుడు పెళ్ళాం మీద పనికిరాలేదు.

“పంపు ఆపమ్మా,” అన్నాడు భవానీతో. “ఎనిమిదికే చేద్దాం.” రెండో తాళంచెవి ప్యానెల్ మీద పెట్టి బయటికి నడిచాడు. బుల్లెమ్మ ఆయన వెనకే వెళ్ళింది.

భవానీ ఫ్యాను ఆపింది, పంపు ఆపింది. గది నిశ్శబ్దమైంది. గెలిచింది తను. మూడు నెలలుగా ఎదురుచూసిన నమ్మకం ‘ఎనిమిదికే చేద్దాం’ అన్న ఆ గొంతులో ఈరోజు విన్నది. సంతోషం మాత్రం రాలేదు.

బొడ్లోంచి తాళంచెవి తీసింది. జనార్దన్ జేబులోంచి కుడిచెయ్యి బయటికి లాగి, ఆ మూడు వేళ్ళ మధ్య తాళంచెవి పెట్టింది. గడప దాటి బయటికొచ్చి, సిమెంటు పలక మీద నిలబడింది. నవమినాడు వాళ్ళు నిలబెట్టిన చోటే.

“ఏంటిది భవానీ?”

“ఎనిమిదింటికి మీరే స్టార్ట్ చెయ్యండి. నేనిక్కడ్నుంచి చెబుతాను.”

“నా వల్ల కాదని తెలుసుగా నీకు.”

“అయితే చేసేవాళ్ళు లేరు. పెద్దిరాజుగారి సరుకు పోద్ది, నా మాటా పోద్ది. పోనివ్వండి.” ఆమె కొంగు బొడ్లో గట్టిగా దోపుకుంది. “వెలగని లైటు వెలుగుతోందని రెండ్రోజులు చెప్పేరు. ఇప్పుడు అత్తయ్యగారి వెనక దాక్కున్నారు. రేపు లోపల నేనుండగా మీరు ఆయ్ అంటే నేను నమ్మి చెయ్యి పెట్టాలి కదండీ? ఎలా పెట్టను? మావయ్యగారికి చెప్పేదాకా ఈ గడప లోపలికి రాను. ఆరోజు మీరంతా నిలబెట్టేరు. ఇవాళ నేనే నిలబడ్డాను.”

జగ్గయ్య కొబ్బరిచెట్ల మధ్య మెల్లగా నడుస్తున్నాడు. సగం దూరం వెళ్ళాడు. బుల్లెమ్మ నాలుగడుగులు వెనకుంది. షెడ్డులోంచి పెద్దిరాజు తలెత్తి ఇటే చూస్తున్నాడు.

భవానీ వెనక్కి తిరిగి చూడలేదు. లోపల ముల్లు నలభై నాలుగైందో లేదో కూడా ఆమెకి పట్టలేదు. జగ్గయ్య వరండా మెట్టు మీద కాలు పెట్టాడు.

“నాన్నగారూ!” అని కేక వినపడింది మిషన్ రూములోంచి.

జగ్గయ్య ఆగి, వెనక్కి తిరిగాడు.